తాతయ్య ట్రంకు పెట్టె, ఆరు నోటు పుస్తకాలు, ఫోన్ నిండా ఫోటోలు: మా వంశం కాగితాలు ఎలా సర్దుకోవాలి?

లంక మనవడు:

నమస్కారం అండి అందరికీ. కాస్త పొడుగు ప్రశ్న, ఓపిగ్గా చదవండి.

మాది కోనసీమ, పి.గన్నవరం దగ్గర ఒక లంక ఊరు. ఉద్యోగం విశాఖపట్నంలో. 2020లో లాక్‌డౌన్ అప్పుడు ఇంటికొచ్చి నాలుగు నెలలు ఉండిపోయాను, ఏమీ తోచక అటక మీదున్న తాతయ్య ట్రంకు పెట్టె దింపాను, అంతే, అప్పట్నించీ ఈ పిచ్చి వదల్లేదు. పెట్టెలో ఏమున్నాయంటే, అణాల స్టాంపు కాగితాల మీద రాసిన దస్తావేజులు ఇరవై దాకా, పురికొసతో కట్టిన శిస్తు రసీదుల కట్టలు, మూడు తాటాకు జాతకాలు, రంగూన్ నుంచి ఎవరో రాసిన రెండు కార్డులు, తాతయ్య పద్దు పుస్తకాలు, ఒక ఫ్రెంచి కాగితం కూడా (తాతయ్య వాళ్ళ అమ్మమ్మది యానాం అట). తర్వాత నేను ఊరూరా తిరిగి పోగేసినవి వేరే ఉన్నాయి. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, మేనత్త వాళ్ళింట్లో చదివింపుల పుస్తకాలకి తీసిన ఫోటోలు. పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్న నోటు పుస్తకాలు ఆరు. ఫోన్‌లో ఫోటోలు నాలుగు వేల పైమాటే, వాటి మధ్యలో మా అబ్బాయి పుట్టినరోజు ఫోటోలూ, ఆఫీసులో బోర్డు మీద రాసినవాటి ఫోటోలూ కలిసిపోయాయి.

మొదట్లో మనిషికో ఫైలు పెట్టాను. రెండు నెలల్లో చేతులెత్తేశాను. ఒక పంపకాల దస్తావేజులో పదకొండు మంది పేర్లున్నాయి, అది ఎవరి ఫైల్లో పెట్టాలి? పదకొండు జిరాక్సులు తీయించాను కూడా, నవ్వకండి. పైగా మా ఇంట్లో తాత పేరు మనవడికి పెడతారు కదా, సత్యనారాయణలే నలుగురు, ఏ కాగితం ఏ సత్యనారాయణదో తేలక ‘సత్యనారాయణ (ఎవరో)’ అని ఇంకో ఫైలు తెరవాల్సొచ్చింది. ఇప్పుడు అన్నిట్లోకీ లావుగా ఉన్నది అదే.

అసలు టెన్షన్ ఇది కాదండి. మా ముత్తాతగారి తండ్రి పేరు రెండో నోటు పుస్తకంలో సుబ్బారాయుడు అని ఉంది, అయిదో పుస్తకంలో వీరాస్వామి అని ఉంది. రెండూ నా రాతే, రెండిటి కిందా గట్టిగా గీత కూడా గీశాను. ఎవరు చెప్పారో, ఏ కాగితంలో చూశానో మాత్రం రాసుకోలేదు. చెప్పి ఉండే వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు. మొన్న అది చూసుకుని రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి, ఆరేళ్ళు తిరిగి సంపాదించింది ఇదా అనిపించింది.

మీరంతా ఎలా సర్దుకుంటున్నారు? కాగితాలు మనిషి వారీగా పెట్టాలా, ఏడాది వారీగానా, ఊరి వారీగానా? కంప్యూటర్లో ఏది వాడాలి? మా బావ అయితే అన్నీ లామినేషన్ చేయించెయ్యి, పీడా పోతుంది అంటున్నాడు.


పాత దఫ్తరం:

బాబూ, నేను రెవెన్యూలో ముప్పై ఏళ్ళు పైగా చేసి రిటైరైనవాణ్ణి, జీవితమంతా దుమ్ములోనే గడిచింది కాబట్టి చెబుతున్నాను. మనిషి వారీగా పెట్టకు. ఏడాది వారీగా కూడా పెట్టకు. ఏ రికార్డు రూములోనూ కాగితం మనిషి పేరున ఉండదు, నంబరున ఉంటుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు చూడు, దస్తావేజులు వచ్చిన వరసలో నంబర్లు పడి ఒకటో పుస్తకంలోకి ఎక్కుతాయి, వాటికి వేరేగా ఇండెక్సులు రాస్తారు, ఒకటి పేర్లకి, రెండోది ఆస్తికి. పదకొండు మంది ఉన్న దస్తావేజు ఒకటే ఉంటుంది, ఇండెక్సులో మాత్రం పదకొండు చోట్ల దాని నంబరు కనపడుతుంది. నీ పదకొండు జిరాక్సుల బాధ వందేళ్ళ కిందటే తీర్చేశారు.

అదే ఇంట్లో చెయ్యి. ఒక లావుపాటి అట్ట రిజిస్టరు కొను. చేతికొచ్చిన వరసలోనే ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వెయ్యి, కాగితం మీద కాదు, దాన్ని పెట్టిన కవరు మీద, మెత్తటి పెన్సిలుతో. రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా ఏమిటి కాగితం, దాని మీద ఉన్న తేదీ, ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, అసలా నకలా ఫోటోనా, ఇప్పుడు ఎక్కడుంది, అందులో ఎవరెవరి పేర్లున్నాయి. అంతే. వెనకవైపు నుంచి అదే పుస్తకంలో పేర్ల ఇండెక్సు మొదలెట్టు. నీ నలుగురు సత్యనారాయణల్లో ఏ ఒక్కడిదో తేలని కాగితం ఉంటే తేలకుండానే ఉండనీ, నంబరు ఉంది కదా, దానికి తొందర లేదు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. కట్టలు విప్పేశావా? విప్పకపోతే విప్పకు, ముందు ఏది పైన ఏది కింద ఉందో ఫోటో తీసుకో. మీ తాతయ్య ఆ కట్ట ఊరికే కట్టలేదు. ఒక శిస్తు రసీదు, ఒక ప్రామిసరీ నోటు, ఒక ఉత్తరం కలిపి కట్టాడంటే ఆ మూడిటికీ సంబంధం ఉందన్నమాట, విడివిడిగా చూస్తే జన్మలో తెలియదు. మా ఇంట్లో మా అన్నయ్య శుభ్రం చేస్తానని అన్నీ విప్పి సైజుల వారీగా పేర్చాడు, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

తేదీల గురించి కూడా చెప్పాలి, ఇక్కడ చాలామంది తప్పులో కాలేస్తారు. కాగితంలో ఉన్న తేదీ ఉన్నది ఉన్నట్టే రాసుకో, ఇంగ్లీషు తేదీ పక్కన వేరే గడిలో రాయి. శిస్తు రసీదుల మీద ఫసలీ, అంటే శిస్తు లెక్కల ఏడాది, ఉంటుంది, దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన సంవత్సరం వస్తుంది, జూలైలో మొదలై జూన్‌లో అయిపోతుంది. ఫసలీ 1335 అంటే 1925 జూలై నుంచి 1926 జూన్ దాకా. జాతకాల మీద సంవత్సరం పేరు ఉంటుంది, అది అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది, రక్తాక్షి అంటే 1864 కావచ్చు, 1924 కావచ్చు, 1984 కావచ్చు. పైగా ఉగాది నుంచి లెక్క కాబట్టి రక్తాక్షి మాఘమాసం అంటే 1924 కాదు, 1925 మొదట్లో. తిథితో పాటు వారం రాసి ఉంటే ఆ వారం కలిసే ఏడాది ఏదో చూస్తే సరిపోతుంది.

తేదీ చిరిగిపోయిన కాగితం ఉంటే పైన జిల్లా పేరు చూడు. తణుకు, భీమవరం వైపు కాగితం మీద గోదావరి జిల్లా అనుంటే 1904కి ముందుది, కృష్ణా జిల్లా అనుంటే 1904కీ 1925కీ మధ్యది, పశ్చిమ గోదావరి అనుంటే 1925 తర్వాతది. మీ అమలాపురం వైపు 1925 దాకా గోదావరి జిల్లా, తర్వాత తూర్పు గోదావరి, ఇప్పుడు 2022 నుంచి కోనసీమ జిల్లా. అందుకే రిజిస్టరులో ఊరు రాసేటప్పుడు ఆ కాగితంలో ఉన్న తాలూకా, జిల్లా రాసి, ఇప్పటి మండలం పక్కన రాయి. లేకపోతే నీ కొడుకు ఆ నకలు కోసం వేరే జిల్లా ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు.

సుబ్బారాయుడు, వీరాస్వామి సంగతికొస్తే, రెండిట్లో ఒకటి కొట్టెయ్యాలని చూడకు. నాకెందుకో దత్తత అనిపిస్తోంది. అన్నదమ్ముల్లో ఒకరికి పిల్లల్లేకపోతే ఇంకొకరి కొడుకుని పెంచుకోవడం డెల్టాలో ఇంటింటి కథ. ముత్తాతగారి పేరున్న దస్తావేజులన్నీ తీసి ఆయన పేరు ముందు ఏమని రాశారో ఒక్కొక్కటే చదువు. దస్తావేజు లేఖరులు తండ్రి పేరు రాయకుండా వదిలేవాళ్ళు కాదు.


పాలకొల్లు ఆడపడుచు:

దఫ్తరం బాబాయ్ గారు చెప్పినదానికి వంక పెట్టేదేం లేదు, నేను కంప్యూటర్ వైపు నుంచి చెబుతాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పుట్టింటి వైపూ అత్తింటి వైపూ రెండు వంశాలూ నేనే మోస్తున్నాను, మా ఆయనకి వాళ్ళ ముత్తాత పేరు కూడా నేనే చెప్పాలి.

ముందు ఆ నాలుగు వేల ఫోటోలు. అన్నీ ఒకేసారి సర్దుదామని కూర్చోకండి, కూర్చుంటే మళ్ళీ లేవరు. ఈ రోజు నుంచి వచ్చే కొత్తవి మాత్రం సరిగ్గా పెట్టడం మొదలెట్టండి, పాతవి వారానికి యాభై చొప్పున వెనక్కి వెళ్ళండి. ఫైలు పేరులో మొదట రిజిస్టరు నంబరు, తర్వాత తేదీ (సంవత్సరం ముందు, నెల తర్వాత), తర్వాత అది ఏమిటో ఒక్క మాట, ఊరు. 0147_1925-11_పంపకాలు_అమలాపురం, ఇలాగ. నంబరు నాలుగు అంకెలు వేస్తే వరస చెడదు. ఒకే కాగితానికి ముందువైపు, వెనకవైపు ఉంటే చివర అ, ఆ అని పెట్టండి. వెనకవైపు ఖాళీగా ఉన్నా ఫోటో తీయండి, స్టాంపు అమ్మినవాడి సంతకం, తేదీ అక్కడే ఉంటాయి. కుదిరితే ఫోన్‌తో కాకుండా స్కానర్‌తో తీయండి, కాగితాలకి 300 డీపీఐ చాలు, పాత ఫోటోలకి 600 పెట్టండి. తాటాకుల మీద మాత్రం స్కానర్ మూత వేసి నొక్కకండి, విరుగుతాయి. కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో ఫోన్‌తో తీస్తేనే గీతలు బాగా కనపడతాయి.

వాట్సాప్‌లో ఫోటోలు తెప్పించుకోకండి, తెప్పించుకుంటే డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే సైజు తగ్గించేస్తుంది, తీసిన తేదీ వివరాలు కూడా పోతాయి. మా పెద్దమ్మ పంపిన గ్రూప్ ఫోటో ఒకటి ఉంది, అందులో మా తాతమ్మ మొహం మైసూర్‌పాక్ ముక్కలా ఉంది. అసలు ఫోటో అడిగేలోపు పెద్దమ్మ ఫోన్ పోయింది.

ఇంకోటి, మీ చుట్టాల్లో ఎవరైనా వంశవృక్షం డీటీపీ చేయించి ఉంటే ఆ ఫైలు ‘అను’ అనే రకం ఫాంట్లలో ఉండొచ్చు. అది యూనికోడ్ కాదు, వెతికితే ఒక్క పేరు దొరకదు, ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక మాత్రం వత్తులు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

చెట్టు గీయడానికి నేను గ్రాంప్స్ (Gramps) అనే సాఫ్ట్‌వేర్ వాడతాను. ఉచితం, మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, నెట్‌లో ఎవరి చేతికీ వెళ్ళదు, తెలుగులో టైపు చేస్తే తీసుకుంటుంది. అందులో మనుషులు వేరు, ఆధారాలు వేరు. మనిషికి ప్రతి వివరం పక్కనా ఏ ఆధారమో తగిలించాలి, మీ రిజిస్టరు నంబరే అక్కడ వేసెయ్యండి. రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కి మారాలంటే జెడ్‌కామ్ (GEDCOM) ఫైలుగా బయటికి తీసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చుకోండి, పేరు మీద ఆధారపడకండి. మీ నలుగురు సత్యనారాయణలకీ అదే మందు. ఇంకా మన మేనరికాల సంగతి ఉండనే ఉంది. మా నాయనమ్మ మా అమ్మకి స్వయానా మేనత్త. కాగితం మీద గీస్తే ఆవిడ రెండు చోట్ల వస్తుంది, నేను మొదట్లో ఇద్దరు వేరే వేరే ఆడవాళ్ళనుకుని ఎక్కించేశాను కూడా. నంబరు ఒకటే అయితే ఆ గొడవ ఉండదు.

ఆడవాళ్ళకి పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా రాయండి. వంశవృక్షాల్లో మగాళ్ళకి మూడు పేర్లు, ఆడవాళ్ళకి ‘భార్య’ అన్న మాట, అంతే ఉంటుంది. శుభలేఖలూ చదివింపుల పుస్తకాలూ ఎందుకు బంగారమంటే పెళ్ళికూతురు వైపు వాళ్ళు ఊరి పేర్లతో సహా అక్కడే దొరుకుతారు.


బావ పార్టీ:

లామినేషన్‌కి ఏమొచ్చిందండీ? మా నాన్నగారి సర్టిఫికెట్లు 2005లో చేయించాం, ఇప్పటికీ కొత్తవాటిలా ఉన్నాయి. మన ఊళ్ళ తేమకి అదే కరెక్టు.


పుస్తకాల పురుగు:

బావగారూ, మీవి కొత్త కాగితాలు కాబట్టి బతికిపోయాయి. తొంభై ఏళ్ళ స్టాంపు కాగితం వేడి మిషన్‌లోకి వెళ్తే ప్లాస్టిక్ కరిగి కాగితంతో కలిసిపోతుంది, మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు. లోపల తేమ ఉండిపోతే ప్లాస్టిక్ లోపలే బూజు పడుతుంది. పైగా రేపు ఏ కోర్టులోనో అసలు కాగితం చూపించాల్సొస్తే స్టాంపూ సంతకం తడిమి చూసే వీలుండదు. లంక మనవడు గారూ, వద్దంటే వద్దు. సెల్లోటేపు కూడా వద్దు, పదేళ్ళకి ఆ టేపు ఊడిపోతుంది, దాని గోధుమరంగు మరక మాత్రం ఉండిపోతుంది.

నేను లైబ్రరీలో పనిచేశాను, మన డెల్టాలో కాగితానికి శత్రువులు మూడు, తేమ, చెదలు, వరద. ముందుగా గుండుసూదులూ స్టేపుల్ పిన్నులూ తీసెయ్యండి, తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి (ఏవి కలిపి గుచ్చారో రాసుకున్నాకే). గంజి పెట్టని, బాగా ఉతికిన పాత పంచె గుడ్డలో చుట్టండి. తాటాకులకి అటూ ఇటూ సన్నటి చెక్కలు పెట్టి, గట్టిగా బిగించకుండా కట్టండి, నిమ్మగడ్డి నూనె కొద్దిగా రాస్తే పురుగు రాదు, ఆకు మెత్తబడుతుంది. కలరా ఉండలు వేస్తే గుడ్డలో మూటకట్టి మూల పెట్టండి, కాగితానికి తగలనివ్వకండి. ఫోటోలు జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉంటే ముందు స్కాన్ చేసి తర్వాత బయటికి తీసే ప్రయత్నం చేయండి, ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన వాటిని లాగొద్దు, అద్దంతోనే ఫోటో తీసుకోండి.

పెట్టె అటక మీద పెట్టడం మంచిదా చెడ్డదా అంటే రెండూనూ. ఎండాకాలం పెంకుల కింద కాగితం వేయించినట్టు అవుతుంది. కానీ 1986 ఆగస్టులో గోదారి పొంగినప్పుడు లంక ఊళ్ళల్లో అటక మీదున్నవే మిగిలాయి, 1996 నవంబరు తుఫానుకి కప్పులు లేచిపోయి ఆ అటక మీదవే తడిశాయి. కాబట్టి నేలకి కాస్త ఎత్తులో, గోడకి ఆనని బీరువాలో పైఅర పెట్టుకోండి, జూలై నుంచి నవంబరు దాకా పైన ఒక ప్లాస్టిక్ షీటు కప్పండి. తడిస్తే ఎండలో పెట్టకండి, నీడలో ఫ్యాను కింద, మధ్యమధ్యలో మామూలు తెల్లకాగితం పెట్టి ఆరబెట్టండి.

స్కాన్ చేసినవి ఒక కాపీ ఇంట్లో, ఒకటి హార్డ్ డిస్కులో, ఇంకోటి డెల్టాకి బయట. విశాఖలో మీ ఫ్లాటు బయటే అనుకుంటున్నారేమో, అదీ సముద్రం ఒడ్డే కదా. హైదరాబాద్‌లోనో ఇంకెక్కడో ఉన్న చుట్టానికి ఒక పెన్‌డ్రైవ్ ఇవ్వండి, లేదా క్లౌడ్‌లో పెట్టండి.


మిషను కాంపౌండు:

అందరూ దస్తావేజులూ శిస్తు రసీదులూ అంటున్నారు, బానే ఉంది, భూమి ఉన్నోళ్ళకి అవుంటాయి. మా తాతలకి సెంటు భూమి లేదు. నరసాపురం వైపు కూలి చేసుకున్నోళ్ళు, పొలాల లెక్కలు రాసే ఏ అడంగల్‌లోనూ మా పేరుండదు, నేను వెతికాను. మాలాంటోళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి రాస్తున్నాను.

మాకు దొరికినవి చర్చి రిజిస్టర్లు. బాప్తిస్మం, పెళ్ళి, సమాధి, మూడు వేరే వేరే పుస్తకాలు. మా జేజి నాన్న పేరు, బాప్తిస్మానికి ముందు ఉన్న పేరు, రెండూ ఒకే వరసలో కనపడినప్పుడు పాస్టరు గారి ముందే ఏడ్చేశాను. బాప్తిస్మం అయ్యాక పేరు మారిపోయింది కాబట్టి ఒకే మనిషిని ఇద్దరుగా రాసుకునే ప్రమాదం మాకు ఇంకా ఎక్కువ, పాలకొల్లు అక్క చెప్పిన నంబరు మాకే ముందు కావాలి. తర్వాత స్కూల్ అడ్మిషన్ రిజిస్టరు. అక్కడ పుట్టిన తేదీ మాత్రం నమ్మకండి, మా ఇంట్లో ఏడుగురు జూలై 1నే పుట్టారు, మాస్టారు గారి దయ. అలాంటివి రాసేటప్పుడు ‘స్కూల్ తేదీ’ అని పక్కన పెట్టుకుంటాను, అసలు పుట్టింది ఎప్పుడంటే ‘పెద్ద వరద వచ్చిన ఏడు, నెల తక్కువ’ అని అమ్మమ్మ చెప్పిందే నాకు ఎక్కువ నమ్మకం.

మిగతాదంతా నోటి మాటే. మా పెద్ద తాత రంగూన్ రేవులో పనిచేసి 1942లో బాంబులు పడ్డప్పుడు నడిచి వచ్చాడు, మనవాళ్ళని అక్కడ కొరంగీలు అని పిలిచేవాళ్ళట, ఇదంతా ఒక్క ముక్క కాగితం మీద లేదు. నోటి మాటకి కూడా కాగితంలాగే నంబరు వేస్తాను. ఫోన్‌లో రికార్డు చేస్తాను, మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడేవాళ్ళ పేరు, వాళ్ళకి ఆ సంగతి ఎవరు చెప్పారో గట్టిగా చెప్పిస్తాను. కళ్ళతో చూసింది వేరు, విన్నది వేరు. రికార్డింగ్‌లో ఎన్నో నిమిషంలో ఏముందో నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు, మొత్తం రాయక్కర్లేదు. రికార్డింగ్ ఉంటే లంక అన్నకి వచ్చిన సమస్య రాదు, ఎవరి గొంతో వాళ్ళదే.

ఒకటి మాత్రం ముందే అనుకుని వెళ్ళండి. వంశం గురించి అడగ్గానే ‘ఎందుకురా, వాటాల కోసమా?’ అంటారు. మాకు ఆస్తి లేకపోయినా అన్నారు! ఫోటోలు తీసుకెళ్ళి చూపించండి, ముందు మీరే ఏదైనా ఇవ్వండి. కాగితం తీసుకెళ్ళొద్దు, వాళ్ళింట్లోనే వాళ్ళ ముందే ఫోటో తీసి తిరిగి ఇచ్చెయ్యండి.


లంక మనవడు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. సంక్రాంతికి వెళ్ళి పది రోజులు ఉన్నాను, కనుమ రోజు కూడా పందేల దగ్గరికి వెళ్ళకుండా రిజిస్టరు ముందేసుకుని కూర్చుంటే మా ఆవిడ వైద్యుడికి చూపిద్దామంది.

212 నంబర్లు పడ్డాయి ఇప్పటిదాకా. కట్టలు సగం ముందే విప్పేశాను, మిగతావి దఫ్తరం గారు చెప్పినట్టు ఫోటో తీశాకే విప్పాను. జాతకాల్లో ఒకదాని మీద నిజంగానే రక్తాక్షి మాఘం ఉందండీ, నేను 1924 అని వేసుకుని పెద్ద తాతయ్య కన్నా ఆయన అక్క ఒక్క నెలే పెద్దదెలా అయిందా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. సరిచేస్తే ఇంకా విచిత్రం, ఆవిడ అక్క కాదు, చెల్లెలు.

ముప్పై నాలుగో నంబరు దస్తావేజులో దొరికింది. ముత్తాతగారి పేరు ముందు ‘వీరాస్వామి గారి దత్తపుత్రుడు’ అని స్పష్టంగా ఉంది. నేనే చదివాను ఇదివరకు, వీరాస్వామి అన్నంత వరకే రాసుకుని ఉంటాను. సుబ్బారాయుడు సంగతి అడుగుదామని మా చిన్నమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను, తొంభై ఒకటి ఆవిడకి. రికార్డింగ్ పెట్టాను. మొదటి మాట ‘పొలం అమ్మేస్తున్నార్రా?’ అంది. కాదని నమ్మించడానికి అరగంట పట్టింది. తర్వాత చెప్పింది, కన్నది సుబ్బారాయుడు గారు, పెంచింది ఆయన తమ్ముడు వీరాస్వామి గారు, రెండిళ్ళకీ మధ్య ఒక్క వెదురు దడే ఉండేదట, ముత్తాతగారు బతికున్నన్నాళ్ళూ ఇద్దరికీ తద్దినం పెట్టేవారట. ఆవిడకి ఇది ఎవరు చెప్పారంటే వాళ్ళ అత్తగారు. మిషను కాంపౌండు గారూ, అదీ రికార్డింగ్‌లో ఉంది, 41వ నిమిషం.

రెండు చిన్న ప్రశ్నలు. గ్రాంప్స్‌లో ఒక మనిషికి ఇద్దరు తండ్రుల్ని పెట్టొచ్చా? ఆ ఫ్రెంచి కాగితాన్ని ఏం చేయాలి?


పాలకొల్లు ఆడపడుచు:

పెట్టొచ్చు. రెండు కుటుంబాల్లోనూ ఆయన్ని పిల్లాడిగా చేర్చండి, ఒకచోట సంబంధం జననం అనీ, ఇంకోచోట దత్తత అనీ ఎంచుకోండి, మనిషి నంబరు ఒక్కటే ఉంటుంది. రెండోదానికి ఆధారం 34, మొదటిదానికి రికార్డింగ్ నంబరు వేయండి.

యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉంది, వాళ్ళు పుట్టుక, పెళ్ళి, చావు ఫ్రెంచిలో రిజిస్టరు చేసేవాళ్ళు, తల్లిదండ్రుల పేర్లూ సాక్షుల పేర్లూ కూడా ఉంటాయి. ఫ్రాన్స్‌లో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ అనే ఊళ్ళో వాళ్ళ పాత కాలనీల ఆర్కైవ్స్ ఉంది, అలాంటి రిజిస్టర్లు స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. యానాంని వాళ్ళు Yanaon అని రాసి యనావోఁ అని పలుకుతారు, ఆ స్పెల్లింగ్‌తో వెతకండి. మన పేర్లు వాళ్ళు విన్నట్టు రాసుకున్నారు కాబట్టి పైకి చదివితేగానీ అర్థం కావు.


లంక మనవడు:

అలాగే అక్కా. ‘సత్యనారాయణ (ఎవరో)’ ఫైల్లో ఇంకా పద్నాలుగు కాగితాలు మిగిలాయి, అన్నీ శిస్తు రసీదులే, పట్టాదారు పేరు తప్ప తండ్రి పేరు లేదు. బావ లామినేషన్ మిషన్ కొంటానంటున్నాడు, పెట్టెకి తాళం వేశాను.


పాత దఫ్తరం:

తాళం చెవి కూడా దాచు. ఆ రసీదుల మీద పట్టా నంబరు ఉంటుంది చూడు, నాలుగు రసీదుల్లో అదే నంబరుంటే మనిషి ఒక్కడే అయ్యే అవకాశం ఎక్కువ. ఫసలీ వరసలో పేర్చి ఉంచు. వచ్చే నెల అమలాపురం పెళ్ళికి వస్తున్నాను, కళ్ళజోడు తెచ్చుకుంటాను, కూర్చుని చూద్దాం.